విడికాయలు

పంతొమ్మిదేళ్ళ సర్వీసులో చాలా ట్రైనింగులకి వెళ్ళాను.
అమలాపురంలో, ఫ్యాను తిరగని హాల్లో
తెర మీద బొమ్మ పడకముందే కరెంటు పోయేది.
"సరే, తర్వాత స్లైడు" అనేవారు సారు, చీకట్లోనే.
రెండు సంతకాలు, ఒక సమోసా,
కిలో బరువుండే మాడ్యూలు.
పంటి మీద తిరిగొస్తూ
దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని,
తడవకుండా.
తడిసినా ఏం పోయేది కాదని ఇప్పుడనిపిస్తుంది.

మాది పెదమడుగులంక.
రెండు పాయల మధ్య ఒక బడి,
ఐదు తరగతులు, ముప్పై ఒక్క మంది, నేను.
ఒకటో తరగతి చేత అక్షరం దిద్దిస్తుంటే
ఐదో తరగతి కిటికీ ఎక్కుతుంది.
శ్రావణంలో ఏరు ఎర్రబడితే
మధ్యాహ్నం గుడ్లూ దాటవు, నేనూ దాటను.
తగ్గాక ముందు గదిలో ఒండ్రు ఎత్తి పోస్తాం,
ఆ తర్వాతే ప్రార్థన.

ఇక్కడ నేను తప్పు చేస్తే చూసేవాళ్ళు లేరు.
ఒప్పు చేసినా అంతే.
అదేం ఒంటరితనమో
స్టాఫ్ రూము ఉన్నవాళ్ళకి చెప్పినా తెలీదు.

కార్తీకం వెళ్ళాక ఒకరోజు పుష్పవేణి గారొచ్చారు.
చెప్పులు చేతిలో, కుచ్చెళ్ళకి బురద.
తనిఖీ అనుకుని రిజిస్టర్లన్నీ బల్ల మీద పేర్చాను.
ఆవిడ వాటి మీద గొడుగు పెట్టి
వెళ్ళి ఓలేటి దుర్గాబాబు పక్కన
నేల మీద కూర్చున్నారు.

నాలుగేళ్ళుగా నాలుగేళ్ళెంతో చెప్పలేనివాడు వాడు.
ఆ రోజూ అడిగాను, కాస్త గట్టిగా.
వాడు గోడ మీద పెచ్చుల కేసి చూశాడు.
"కూర్చో" అన్నాను.
మామూలే.

ఇంటర్వెల్లో ఆవిడ వాడి వెనకే ఏటిగట్టు దిగారు.
ఎందుకో చెమట్లు పోస్తుంటే నేనూ వెళ్ళాను.
వాడి తాత కాయలు రాశి పోస్తున్నాడు.
చేతికి రెండు, రెండు చేతులకి నాలుగు,
అదో పుంజీ.
ఒకటి అనడు, లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు...
ఏడో పుంజీ పడగానే
"ఎన్ని కాయలయ్యాయి నాన్నా?" అన్నారావిడ.
"ఇరవై ఎనిమిది" అన్నాడు దుర్గాబాబు
ఈగని తోలినంత తేలిగ్గా.

ఆవిడ నా వైపు చూడలేదు.
చూసుంటే సంజాయిషీ వెతుక్కునేదాన్ని:
ఒక్కదాన్నేననో, పంటి లేటనో.
అన్నీ నిజాలే.

రేవులో నిలబడి ఇంతే అన్నారు:
"నెలాఖరు శనివారం మా బడి వరండాకి రండి.
తొమ్మిది మందిమి కలుస్తాం.
బాగా కుదిరిన పాఠం వద్దు,
చెడిపోయింది పట్టుకురండి."

చాప మీద కూర్చున్నాం.
కూడికలో చేతిలో ఉంచుకున్న ఒకటిని
పిల్లలెందుకు మర్చిపోతారో తనకి తెలీదన్నారు
ముప్పై ఏళ్ళ సర్వీసున్న సుభానీ సారు.
"నాకు తెలీదు."
ఏ హాల్లోనూ నేను వినని మాట.
కొత్తగా చేరిన కెజియా
తన క్లాసు వీడియో మాకిచ్చి
చున్నీలో మొహం దాచుకుంది.
నేను పుంజీ సంగతి చెప్పాను. గొంతు వణికింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
చాలాసేపటికి సుభానీ సారు తనలో తనే అన్నారు:
"కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని
చెరువు గట్టు మీద నా పిల్లలకి తెలుసు.
ముప్పయ్యో వంతు ఇరవయ్యో వంతు కన్నా చిన్నదని
నేనెందుకు అరిచి చెప్తున్నానూ?"

ఇప్పుడు మా నాలుగో ఎక్కం లాభంతో మొదలవుతుంది.
ఆఫీసు వాళ్ళొస్తే ఏమంటారో.

నిన్న దుర్గాబాబు తనంతట తనే లేచాడు.
"మేడమ్, ఆఖర్న పుంజీ నిండకుండా
మూడు కాయలు మిగిల్తేనో?"
శేషం అని పుస్తకంలో ఉంది.
విడికాయలంటాడట వాళ్ళ తాత.
లెక్కలో వెయ్యడు.
పక్కన పెట్టి, అటుగా పోయే పిల్లాడెవడికో ఇచ్చేస్తాడు.
"మరవి ఎవరి లెక్కలోకొస్తాయి మేడమ్?"

"నాకు తెలీదురా, కనుక్కొస్తాను."

శనివారానికని మూడు కాయలు అడిగి తీసుకున్నాను.
మాడ్యూలు కన్నా బరువే.
ఒళ్ళో పెట్టుకుంటే కుదరడం లేదు,
పంటి కదిలినప్పుడల్లా
దొర్లుతున్నాయి.